బిజినెస్ స్కూల్ దరఖాస్తుకు వ్యక్తిగత వ్యాసాలు రాయడం ఎలా?

ఎంబీఏ దరఖాస్తులో జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష స్కోరు, డిగ్రీ మార్కులు, రెజ్యూమె, పైఅధికారుల సిఫారసు లేఖలు ఉంటాయి. వీటితోపాటు అడిగే వ్యాసాలే మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. పరీక్షకు సిద్ధం కావడం ఎంసెట్ రోజుల నుంచి మనకు అలవాటే. మన గురించి మనమే, ముఖపరిచయం లేని మనిషికి, మూడు నాలుగు వందల పదాల్లో చెప్పుకోవడం మాత్రం ఏ తరగతిలోనూ నేర్పలేదు. క్యాట్ రాసి ఐఐఎంల రెండేళ్ల కోర్సులకు వెళ్లేవారికి ఈ అవసరం అంతగా రాదు. అమెరికా, యూరప్ బిజినెస్ స్కూళ్లకు, గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)కి దరఖాస్తు చేసేవారికి మాత్రం వ్యాసాలు తప్పవు.

ఈ పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో స్థిరపరచుకోవాలి. మీరు సాధించినవన్నీ రెజ్యూమెలో ఇప్పటికే ఉన్నాయి. వ్యాసం చదివే వ్యక్తి తెలుసుకోదలచినది, ఆ ఫలితాల వెనక మీరు ఎక్కడ ఎలాంటి నిర్ణయం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, దానివల్ల మీలో ఏం మారింది అన్నది. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ సంస్థలో నాలుగైదేళ్లు పనిచేసి, మంచి స్కోరు తెచ్చుకున్న దరఖాస్తుదారులు ఎంపిక కమిటీల ముందుకు ఏటా పెద్ద సంఖ్యలో వస్తారు. ఆ కాగితాలు పక్కపక్కన పెడితే దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరిని మరొకరి నుంచి వేరుచేసేది వారు తీసుకున్న నిర్ణయాలే.

గడువుల నుంచి వెనక్కి లెక్క వేసుకోండి

అమెరికన్ స్కూళ్లలో మొదటి రౌండు గడువు సాధారణంగా సెప్టెంబరులోనూ, రెండో రౌండు జనవరి తొలి రోజుల్లోనూ వస్తుంది. మూడో రౌండు వసంతకాలంలో ఉన్నా, అప్పటికి సీట్లు చాలావరకు నిండిపోతాయి కాబట్టి, వీసా పనులు కూడా చూసుకోవలసిన మన దేశపు దరఖాస్తుదారులు దాని మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. సెప్టెంబరు గడువుకు జూన్‌లో పని మొదలుపెట్టాలి. అప్పటికి జీమ్యాట్ అయిపోయి ఉంటే మరీ మంచిది, ఎందుకంటే లెక్కలు చేసే మనసుతో జ్ఞాపకాలు తవ్వుకోవడం కుదరదు. మొదటి ప్రయత్నానికి రెండు మూడు స్కూళ్లు, మొత్తంమీద నాలుగైదుకు మించకుండా ఎంచుకోండి. పది స్కూళ్లకు రాసేవారు చివరికి ఒకే వ్యాసాన్ని పది పేర్లతో పంపుతారు, అది చదివేవారికి తెలిసిపోతుంది.

నిర్ణయాల పట్టిక రాసుకోండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టవలసినదీ, అందరూ వదిలేసేదీ ఇదే. ఒక నోటుపుస్తకం తీసుకొని, కనీసం రెండు వారాల పాటు రోజూ కొంతసేపు, మీ జీవితంలో రెండు దారులు కనబడినప్పుడు మీరు ఒకటి ఎంచుకున్న సందర్భాలను గుర్తు చేసుకుంటూ రాయండి. ఇంగ్లిష్‌లోనే రాయాలన్న నియమం పెట్టుకోవద్దు. ఇంట్లో జరిగినవి తెలుగులో రాసుకుంటేనే వివరాలు బయటికి వస్తాయి. ప్రతి సందర్భం కింద నాలుగు సంగతులు ఉండాలి: అప్పుడు మీ ముందున్న దారులేమిటి, ఎవరు ఏమన్నారు, మీరేం చేశారు, ఇప్పుడు మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తారు.

ఉద్యోగానికే పరిమితం కావద్దు. ఉదాహరణకు, మీ నాన్నగారికి గుంటూరు జిల్లాలో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉందనుకోండి. కాలేజీ సెలవుల్లో మీరు అక్కడ కూర్చుని పద్దు పుస్తకాలు చూశారు. పైరు వేసేటప్పుడు రైతులు ఎరువులు అరువు తీసుకెళ్లి, పంట అమ్ముకున్నాక బాకీ తీరుస్తారు. కౌలు రైతులకు బ్యాంకు రుణం దొరకడం కష్టం కాబట్టి వారి అరువు మరీ ఎక్కువ. ఒక ఏడు మిర్చి ధర పడిపోయింది. పాత బాకీ తీర్చనివారికి కొత్త అరువు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది, మీరు నాన్నగారితో విభేదించి ఒక మార్గం సూచించారు. ఆఫీసులో మీరు నడిపిన ఏ ప్రాజెక్టు కంటే ఈ సంగతే మీ వ్యాపార వివేకాన్ని బాగా చూపించవచ్చు. మనవాళ్లు ఇటువంటివి సిగ్గుపడి వదిలేస్తారు. ఊరి దుకాణం అంటే చులకన అవుతుందేమో అన్న భయం పూర్తిగా అనవసరం.

పట్టికలో ఇరవై దాకా సందర్భాలు చేరాక, వాటిలో మీకు ఇప్పటికీ సమాధానం పూర్తిగా తెలియనివి ఏవో గుర్తు పెట్టుకోండి. మంచి వ్యాసాలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి.

ప్రశ్నను అది అడిగినట్టే చదవండి

స్కూళ్ల ప్రశ్నలు పైకి ఒకేలా కనబడినా అవి వెతికేవి వేరు. స్టాన్‌ఫర్డ్ ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న, మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు అన్నది. ఇందులో బరువంతా రెండో మాట మీద ఉంది. కుటుంబం అని రాసినా, న్యాయం అని రాసినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ విలువ మీకు ఎక్కడ ఏర్పడింది, దానికోసం మీరు ఏం వదులుకున్నారు అన్నదే వ్యాసం. హార్వర్డ్ అంతకుముందు 900 పదాల వరకు ఒకే విశాలమైన ప్రశ్న అడిగేది. 2024లో దాన్ని మార్చి, వ్యాపార దృష్టి, నాయకత్వం, ఎదుగుదల అన్న మూడు అంశాల మీద మూడు చిన్న వ్యాసాలు పెట్టింది: మొదటిది 300 పదాలకు, మిగతా రెండూ 250 పదాలకు మించకూడదు. పొడుగాటి ఆత్మకథకు ఇక చోటు లేదన్నమాట. ఒక్కో వ్యాసానికి ఒక్క సంఘటనే పడుతుంది. ఎంఐటీ స్లోన్ వ్యాసానికి బదులు 300 పదాల కవర్ లెటర్ అడుగుతూ వచ్చింది. డ్యూక్ విశ్వవిద్యాలయపు ఫ్యూక్వా స్కూలు అభ్యర్థులను తమ గురించి ఇరవై ఐదు విషయాల జాబితా రాయమనేది. జాబితా అడిగినచోట గంభీరమైన నాయకత్వ గాథ రాసి పంపేవారు ఆ స్కూలు స్వభావం తెలుసుకోలేదని తామే చెప్పుకున్నట్టు అవుతుంది. ప్రశ్నలూ పద పరిమితులూ ఏడాదికేడాది మారుతుంటాయి కాబట్టి, సీనియర్ దగ్గరున్న పాత కాగితం మీద ఆధారపడకుండా, ఆ ఏటి దరఖాస్తు తెరిచి చూసిన తర్వాతే రాయడం మొదలుపెట్టండి.

ప్రశ్నను ఒక కాగితం మీద రాసుకొని, అందులోని ప్రతి క్రియ కింద గీత గీయండి. వివరించమన్నారా, విశ్లేషించమన్నారా, ఏం నేర్చుకున్నారో చెప్పమన్నారా? ఒకే ప్రశ్నలో రెండు మూడు భాగాలుంటే, చివరి భాగానికి అరపేరా మిగిల్చడం మనవాళ్ల సాధారణ పొరపాటు. నిజానికి ఎక్కువగా ఆ చివరి భాగం కోసమే ప్రశ్న అడిగి ఉంటారు.

లక్ష్యాల వ్యాసం

ఎంబీఏ తర్వాత ఏం చేస్తారు, ఇప్పుడే ఎందుకు, ఈ స్కూలే ఎందుకు అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది. ఇక్కడ గొప్ప ఆశయం కన్నా నమ్మదగిన దారి ముఖ్యం. చదువు ముగిసిన వెంటనే ఏ రంగంలో, ఎలాంటి సంస్థలో, ఏ ఉద్యోగంలో చేరాలనుకుంటున్నారో పేరుపెట్టి చెప్పండి. ఆ ఉద్యోగానికి ఇప్పటి మీ అనుభవంలో ఏది పనికొస్తుంది, ఏది లోటుగా ఉంది, ఆ లోటు ఆ స్కూల్లో ఎలా తీరుతుంది అన్నది వరుసగా వస్తే వ్యాసం దానంతటదే నిలబడుతుంది. దేశానికి సేవ చేస్తాను, గ్రామీణ భారతాన్ని మారుస్తాను వంటి మాటలు ఇంతవరకు మీరు చేసిన ఏ పనితోనూ ముడిపడకపోతే బరువు తగ్గిపోతాయి.

స్కూలును పొగడటం మానండి. వారి ర్యాంకు వారికి తెలుసు. ఆ స్కూలు పద్ధతికీ మీ అవసరానికీ ఉన్న సంబంధమే రాయాలి. హార్వర్డ్‌లో బోధన ప్రధానంగా కేస్ పద్ధతిలో, అంటే నిజమైన వ్యాపార సందర్భాలను తరగతిలో చర్చిస్తూ, సుమారు తొంభై మంది ఉండే సెక్షన్లలో సాగుతుంది. అంతమంది ముందు మీ వాదన వినిపించి సరిదిద్దుకోవడం మీకు ఎందుకు అవసరమో చెప్పగలిగితే అది నిజమైన కారణం. ఫ్రాన్స్‌లోని ఇన్సియాడ్ కోర్సు పది నెలల్లో ముగుస్తుంది. ఐఎస్‌బీలో ఎంబీఏకు సమానమైన పీజీపీ ఏడాది కోర్సు. ఇవి ఉద్యోగానికి దూరమయ్యే కాలాన్నీ ఖర్చునూ తగ్గిస్తాయి గాని, రెండేళ్ల కోర్సులో మధ్యన దొరికే వేసవి ఇంటర్న్‌షిప్ సౌకర్యం ఐఎస్‌బీ పీజీపీలో ఉండదు. కోడింగ్ నుంచి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కు పూర్తిగా మారాలని రాస్తూ ఏడాది కోర్సుకు దరఖాస్తు చేసేవారు, ఇంటర్న్‌షిప్ లేకుండా ఆ మార్పు ఎలా సాధ్యమనుకుంటున్నారో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇంటర్వ్యూలో అడుగుతారు. ఆ స్కూల్లో చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడకుండా ఈ వ్యాసం మొదలుపెట్టవద్దు. లింక్డ్‌ఇన్‌లో మర్యాదగా అడిగితే చాలామంది జవాబిస్తారు.

మొదటి చిత్తుప్రతి

పద పరిమితి పట్టించుకోకుండా, అడిగినదానికి రెండింతలు రాయండి. పరిచయ వాక్యాల కోసం ఆగిపోవద్దు. సంఘటన మధ్యలోంచి మొదలుపెట్టండి, ప్రారంభం తర్వాత చూసుకోవచ్చు. భగవద్గీత శ్లోకంతోనో, ఏ పారిశ్రామికవేత్త సూక్తితోనో మొదలుపెడితే ఉన్న కొద్ది పదాల్లో ముప్పై ఇతరుల మాటలకు పోయినట్టే. ఆరేళ్ల వయసులో రేడియో విప్పి మళ్లీ బిగించిన కథలు కూడా కమిటీ చాలా చదివి ఉంటుంది.

వ్యాసం ఇంగ్లిష్‌లోనే పంపాలి గాని, తేడా తెలియడానికి ఇక్కడ తెలుగులో ఒక కల్పిత నమూనా చూద్దాం. మొదటి చిత్తులో సాధారణంగా కనబడే వాక్యం ఇది: “ప్రముఖ బహుళజాతి సంస్థలో ఐదేళ్లుగా పనిచేస్తూ, సవాళ్లతో కూడిన అనేక ప్రాజెక్టులను బృంద స్ఫూర్తితో సకాలంలో పూర్తిచేసి, నా నాయకత్వ లక్షణాలను నిరూపించుకున్నాను.” ఈ వాక్యాన్ని ఎవరి పేరు మీదనైనా పెట్టుకోవచ్చు. పెళ్లి సంబంధాల బయోడేటాలో అబ్బాయి మంచివాడు, బాధ్యత తెలిసినవాడు అని రాసినట్టే ఉంటుంది; నిజమే కావచ్చు, నమ్మడానికి ఆధారం లేదు.

అదే మనిషి అదే ఉద్యోగం గురించి ఇలా రాశాడనుకోండి: “విడుదలకు రెండు రోజుల ముందు, కొన్ని చెల్లింపులు రెండుసార్లు నమోదవుతున్నాయని మా పరీక్షల్లో తేలింది. తేదీ దాటితే మేము బ్యాంకుకు జరిమానా కట్టాలి. ముందు విడుదల చేసి, తర్వాతి వారం సరిచేద్దామని మా మేనేజర్ అన్నారు. లోపం సంగతి బ్యాంకుకు అప్పుడే చెప్పాలని నేను పట్టుబట్టాను; కాని చెప్పడానికి ముందు, జరిమానా ఎంతవుతుందో, రెండుసార్లు డబ్బు కోత పడిన ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించడానికి ఎంతవుతుందో లెక్కకట్టి ఆయన ముందుంచాను. ఆయన ఫోన్ చేశారు. మేము నాలుగు రోజులు ఆలస్యంగా విడుదల చేశాం.” ఇందులో నాయకత్వం అన్న మాట ఎక్కడా లేదు. పైఅధికారితో విభేదించే ధైర్యం, ఆ విభేదాన్ని లెక్కలతో నిలబెట్టే పద్ధతి, చివరి నిర్ణయం ఆయనకే వదిలిన వినయం మూడూ కనబడుతున్నాయి. చదివేవారు తీర్పు తామే చేసుకుంటారు.

బృందంగా చేసిన పనిలో మీ వంతు ఎంతో విడదీసి చెప్పడం మన పెంపకంలో కొంత కష్టం. ఒక్కడినే చేశానని చెప్పుకోవడం తప్పు అనిపిస్తుంది కాబట్టి చాలామంది అంతటా మేము, మా బృందం అని రాస్తారు, కమిటీకి మాత్రం మీరు ఏం చేశారో తెలియదు. ఇతరులకు దక్కవలసిన గుర్తింపు ఒక వాక్యంలో స్పష్టంగా ఇచ్చి, తర్వాత మీరు ఆలోచించినది, మీరు మాట్లాడినది, మీరు చేసినది మొహమాటం లేకుండా రాయండి.

వైఫల్యం గురించి అడిగినప్పుడు, మరీ కష్టపడి పనిచేయడమే నా లోపం అన్న తరహా జవాబులు ఎవరినీ మోసం చేయవు. నిజంగా నష్టం జరిగిన సందర్భం తీసుకొని, అందులో మీ బాధ్యత ఎంతో ఒప్పుకొని, ఆ తర్వాత ఎప్పుడు ఎక్కడ వేరుగా ప్రవర్తించారో చూపించండి. చాలా స్కూళ్లు వాడే ఉమ్మడి సిఫారసు పత్రంలో, ఈ అభ్యర్థికి మీరిచ్చిన అతి ముఖ్యమైన విమర్శ ఏది, దానికి ఎలా స్పందించారు అని మీ పైఅధికారిని కూడా అడుగుతారు. ఆయన చెప్పే మీరూ, వ్యాసంలోని మీరూ ఒకే మనిషిగా ఉండాలి. సిఫారసు లేఖ మీరే రాసి సంతకం చేయించుకోవడం మన ఆఫీసుల్లో మామూలే, కాని అది నిబంధనలకు విరుద్ధం. పైగా రెండింటి శైలి ఒకటే అయితే పట్టుబడటం సులభం.

తెలియని పాఠకుడి కోసం సర్దండి

అమెరికాలో చదివేవారికి లక్ష, కోటి తెలియవు. డాలర్లలోకి మార్చి, దగ్గరి అంకె ఇవ్వండి. ఎంసెట్‌లో 800 ర్యాంకు అంటే, ఎంతమంది రాశారో చెబితే తప్ప వారికి అర్థం కాదు. సంస్థ లోపలి ప్రాజెక్టు పేర్లు, సాంకేతిక పదాలు తీసేయండి. ఎరువుల దుకాణం ఉదాహరణలో అరువు పద్ధతి ఒక్క వాక్యంలో వివరించాలి, అంతకు మించితే అది వ్యవసాయ వ్యాసం అయిపోతుంది. తెలియనిదంతా వివరించనక్కర లేదు. నిర్ణయం అర్థం కావడానికి ఎంత కావాలో అంతే.

కోత

ఇప్పుడు పరిమితికి తగ్గించండి. మొదటి పేరా తీసేసి చదివి చూస్తే చాలాసార్లు వ్యాసం బాగుపడుతుంది. తర్వాత విశేషణాలు పోవాలి, ఆ తర్వాత ఒకే సంగతి రెండోసారి చెప్పే వాక్యాలు పోవాలి. మిగిలినదాన్ని గట్టిగా చదవండి. మీ నోటికి రాని మాట, స్నేహితుడితో ఎప్పుడూ అనని మాట తగిలితే అక్కడ సులువైన ఇంగ్లిష్ వేయండి. నిఘంటువులోంచి తెచ్చిన పెద్ద మాటలు మీ ఇంగ్లిష్‌ను గొప్పగా చూపవు. రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ చదవడం ఎంత సవరించినా దొరకని తప్పులను చూపిస్తుంది.

ఎవరికి చూపించాలి

ఇద్దరు చాలు. ఒకరు మిమ్మల్ని బాగా ఎరిగినవారు, ఇందులో నువ్వు కనబడుతున్నావా లేదా అని చెప్పడానికి. ఇంకొకరు మీ రంగంతో సంబంధం లేనివారు, ఎక్కడ అర్థం కాలేదో చెప్పడానికి. పదిమందికి చూపితే పదిమంది అభిరుచుల సగటు మిగులుతుంది.

అమీర్‌పేట నుంచి ఆన్‌లైన్ దాకా వ్యాసాలు రాసిపెట్టే కన్సల్టెన్సీలు ఉన్నాయి. సలహా తీసుకోవచ్చు, రాయించుకోకూడదు. దరఖాస్తు చివర ఇది నా సొంత రచన అని మీరే ధ్రువీకరిస్తారు, అబద్ధమని తేలితే సీటు వచ్చిన తర్వాత కూడా రద్దు చేసే హక్కు స్కూలుకు ఉంటుంది. 2012లో యూసీఎల్‌ఏ ఆండర్సన్ స్కూలు, టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూసి, కాపీ కొట్టిన వ్యాసాలు పంపిన 52 మంది దరఖాస్తులను తిరస్కరించింది. ఏఐ సాధనాల వాడకంపై ఒక్కో స్కూలు నియమం ఒక్కోలా ఉంది, దరఖాస్తులో చదివి పాటించండి. నియమం మాట ఎలా ఉన్నా, అవి రాసే వ్యాసంలో పైన చూపిన మొదటి నమూనా లాంటి వాక్యాలే ఎక్కువ. మీ దుకాణం పద్దు పుస్తకం సంగతి వాటికి తెలియదు.

ఐచ్ఛిక వ్యాసం

ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగ్‌లు, ఉద్యోగాల మధ్య ఖాళీ, ప్రస్తుత మేనేజర్ నుంచి సిఫారసు లేఖ తీసుకోలేకపోవడం వంటివి ఉంటేనే ఇది రాయండి. కారణం ఒకటి రెండు వాక్యాల్లో, ఆ తర్వాత పరిస్థితి మారిందనడానికి ఆధారం ఇంకో రెండు వాక్యాల్లో చాలు. కాలేజీనో, యూనివర్సిటీ మూల్యాంకనాన్నో నిందించవద్దు. మిగిలిపోయిన విజయాలు ఇక్కడ కుక్కడం చదివేవారికి చిరాకు.

పంపే ముందు, పంపాక

తేదీలు, హోదాలు, అంకెలు వ్యాసంలోనూ రెజ్యూమెలోనూ ఒకటేనా చూడండి. సీటు ఇచ్చాక చాలా స్కూళ్లు బయటి ఏజెన్సీలతో ఉద్యోగ వివరాలు తనిఖీ చేయిస్తాయి, గుండ్రంగా పెంచిన ఆరు నెలల అనుభవం అక్కడ దొరికిపోతుంది. ఒక స్కూలుకు రాసింది మరో స్కూలుకు మార్చినప్పుడు పాత స్కూలు పేరు, అక్కడి కోర్సు పేరు ఎక్కడైనా మిగిలిందేమో వెతకండి. అమెరికన్ స్కూళ్లు గడువును అమెరికా సమయంలో ఇస్తాయి కాబట్టి మన సమయానికి మార్చుకొని, ఒక రోజు ముందే పంపండి.

పంపిన ప్రతి వ్యాసం కాపీ, దాని వెనకున్న నోటుపుస్తకం దాచుకోండి. హార్వర్డ్‌లో ఇంటర్వ్యూ చేసేవారు దరఖాస్తు మొత్తం చదివి వస్తారు. అనేక ఇతర స్కూళ్లలో ఇంటర్వ్యూ చేసేవారి చేతిలో రెజ్యూమె ఒక్కటే ఉంటుంది, కాబట్టి అక్కడ అవే సంగతులు నోటితో మొదటి నుంచి చెప్పాలి. రెండు సందర్భాల్లోనూ, వ్యాసంలో పట్టక వదిలేసిన వివరాల మీదే తర్వాతి ప్రశ్న వస్తుంది: మేనేజర్ ఒప్పుకోకపోతే ఏం చేసేవారు, అరువు ఇచ్చిన రైతుల్లో ఎంతమంది తిరిగి కట్టారు. ఇంటర్వ్యూకు ముందురోజు చదువుకోవలసింది ఆ నోటుపుస్తకం.